గరికమ్మ వేసిన ముడి

వాగు మీదికి వంగిన తుమ్మ చెట్టుపై గిజిగాళ్ళకు గూళ్ళు కట్టడం నేర్పే బడి ఒకటుండేది. గురువు పోచయ్య తన పాత గూటి వైపు తిరిగి, శిష్యులకు వీపు చూపిస్తూ, ముడుల పేర్లు గడగడా చెప్పేవాడు. శిష్యులందరూ మగపిట్టలే. ఆ పేర్లు అప్పజెప్పడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. గడ్డిపోచ ముట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఒకనాడు గరికమ్మ అనే ఆడపిట్ట వచ్చింది.

"నాకూ నేర్పండి గురువుగారూ. వానల్లోగా నా గూడు నేనే కట్టుకోవాలి."

"మేం కట్టిన గూటికి ఆడపిట్టలు వంకలు పెట్టాలి గానీ, కట్టడమేంటే?" అన్నాడు పోచయ్య.

"వంకలు పెట్టీ పెట్టీ ఎక్కడ ఊడుతుందో తెలిసిపోయింది. ఊడకుండా కట్టడం తెలియాలి."

కొమ్మంతా నవ్వింది. గరికమ్మ పక్క కొమ్మ మీద కూర్చుని ముడి వేసింది. ఊడింది.

"ఆ ముడి పేరేంటి వదినా?" అన్నాడొక శిష్యుడు.

"ముందు నిలవనీ మరిదీ, తర్వాత పేరు పెడదాం."

మళ్ళీ వేసింది, మళ్ళీ ఊడింది. ఎందుకు ఊడిందో చూసుకుని మళ్ళీ వేసింది. సాయంత్రం గాలి లేచి చెట్టంతా ఊగినా ఆ ముడి కదల్లేదు. శిష్యులు ఒక్కొక్కరే గడ్డిపోచలు పట్టుకుని ఆమె కొమ్మకు చేరారు. పోచయ్య వీపు తిప్పుకునే ఉన్నాడు కాబట్టి, చాలాసేపు ఖాళీ కొమ్మకే పాఠం చెప్పాడు.

చివరికి తిరిగి చూసి, వచ్చి, "ఏదీ, ఆ ముడి ఇంకోసారి వెయ్యి, చూస్తాను" అన్నాడు.

"మీరే వెయ్యండి గురువుగారూ. ఊడితే మళ్ళీ వేద్దాం."

గరికమ్మ జరిగి చోటిచ్చింది. గడ్డిపోచ ముక్కున పట్టుకునేసరికి పోచయ్య నోరు మూతబడింది. ఆ బడిలో పాఠం అప్పుడే మొదలైంది.