తువ్వాల కింద బొటనవేలు

నిజాం కాలపు హాలీ సిక్కా నాణేలు చెల్లకుండా పోయాక కూడా హుజూరాబాద్ పశువుల అంగడిలో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెప్పేవాళ్లు. పట్టిన వేలు ఒక్కొక్కటీ యాభై రూపాయలు.

కొనేవాళ్ల తరఫు దళారి ఎల్లేశం మూడు వేళ్లు పట్టాడు. ఎద్దు తోలుకొచ్చిన గట్టయ్య తల అడ్డంగా ఊపాడు.

ఎల్లేశం బొటనవేలు మాత్రం అతని మణికట్టు మీద నుంచి కదలలేదు. ఏ ధరకు తన గుండె ఎగిరిపడుతుందో వీడు నాడి పట్టి కనిపెడుతున్నాడని గట్టయ్యకు అనుమానం వచ్చింది.

అంతలోనే ఎల్లేశం నాలుగో వేలు కూడా పట్టాడు. గట్టయ్య మనసులో ఉన్న ధర అదే. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. బతిమాలించుకోకుండా ఇంత పెంచాడంటే ఎద్దు ఇంకా ఎక్కువే పలుకుతుంది. చెయ్యి లాక్కున్నాడు.

"నాడి పట్టి బేరం జేస్తవా?"

"మా బాపు నాడి చూసెటోడు గట్టయ్యా. నీది నాలుగు కొట్టి ఒకటి ఆగుతుంది. గీ పైసలు తీస్కొని జర కరీంనగర్ దవాఖానకు పో."

"బెదిరిచ్చి ఎద్దును గుంజుకుందామనా?"

గట్టయ్య నవ్వి, ఎద్దును తోలుకుని పోయాడు.

నెల దాటాక అదే ఎద్దును అతని భార్య తోలుకొచ్చింది. నుదుట బొట్టు లేదు. ఎల్లేశం తువ్వాల కప్పి చెయ్యి చాపాడు.

ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ధర నోటితోని చెప్పు. నువ్వు చెయ్యి పట్టినంకనే ఆయన గుండె ఆగింది."