రోజుకొక ఫొటో

గాజు తలుపు బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చింది ఆవిడ.

కళ్లజోళ్ల దుకాణంలోకి ఎవరూ అలా చెప్పులు విప్పి రారు. కౌంటర్ దగ్గరున్న విశాలి తలెత్తింది.

“కళ్లు చూపించుకోవాలామ్మా? డాక్టరుగారు నాలుగింటికి వస్తారు.”

“కళ్లకేటీ అవ్వనేదమ్మా. విశాలివి నువ్వే గదా?”

“అవును. మీరు?”

“లక్ష్మణమ్మని. పొందూరు. శ్రీలలిత వాళ్లమ్మని.”

విశాలి గబుక్కున లేచింది.

“అయ్యో ఆంటీ, గుర్తుపట్టలేదు! నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?”

“నువ్వు పంపిన ఫొటోలో ఈ కొట్టు బోర్డున్నాది. పక్కింటోళ్ల సేత సదివించుకున్నాను.”

లలిత తన ఫొటోలు ఇంట్లో చూపిస్తోందన్నమాట. విశాలికి నవ్వొచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఫోన్లలో ఆ ఫొటోల యాప్ వేసుకున్నదీ ఒకే రోజు. రోజూ ఒకరికొకరు ఫొటో పంపుకుంటే పేరు పక్కన మంట గుర్తు వస్తుంది. దాని పక్కన ఎన్ని రోజులో అంకె. ఒక్కరోజు మానితే మంట ఆరిపోతుంది.

పది అవగానే నాన్నకు బదిలీ అయి విశాలి వాళ్లు విజయనగరం వచ్చేశారు. మంట ఆరలేదు.

మొదట్లో ఇద్దరూ నాలుక బయటపెట్టి, కళ్లు తిప్పి దిగిన ఫొటోలు. తర్వాత తర్వాత లలిత నుంచి మనిషి లేని ఫొటోలే వచ్చేవి. రాట్నం, దూది, ఇంటి ముందు ముగ్గు. విశాలి వాటిని చూసీ చూడనట్టు చూసి, అద్దం ముందు తన ఫొటో ఒకటి తీసి పంపేసేది.

ఫోన్ చేసి మాట్లాడాలని ఎప్పుడూ అనిపించలేదు. రోజూ ఫొటో వస్తూనే ఉంది కదా.

ఉద్యోగంలో చేరాక మిగతా వాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి పంపడం మానేసింది. వినాయక చవితి దాటాక లలితకూ మానేసింది.

“మానేశావేటమ్మా?” అంది లక్ష్మణమ్మ. “మూడు నెలలైపోనాది. ఒంట్లో బాగోనేదేటో అనుకున్నాను.”

“బాగానే ఉన్నానాంటీ. ఆ యాపే తీసేశాను. చిన్నప్పటి సరదా అది. మేం పెద్దవాళ్లం అయిపోయాం కదా!”

“అవునమ్మా. పెద్దోళ్లయిపోనారు.”

“కోపం పెట్టుకోవద్దని లలితకి చెప్పండి.”

“దానికేటి కోపం.”

“ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. మిమ్మల్ని బస్సెక్కించి పంపించిందా? బద్ధకం పిల్ల!”

లక్ష్మణమ్మ కౌంటర్ నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఒక్కపాలి ఇవతలకి రా తల్లీ. సూస్తాను.”

విశాలి కౌంటర్ దాటి వచ్చి నిలబడింది. ఆవిడ తల నుంచి కాళ్ల దాకా చూసింది. మళ్లీ కాళ్ల నుంచి తల దాకా చూసింది.

“ఏటి విశాలీ, కొట్లోనే పెళ్లిచూపులా?” అన్నాడు యజమాని గణపతిరావు, లోపలి గదిలోంచి.

విశాలి సిగ్గుపడింది. “టీ తాగి వెళ్లండాంటీ.”

“వద్దమ్మా. బస్సెల్లిపోతాది. బాగున్నావు. అదే సాలు.”

వెళ్లిపోయింది.

సాయంత్రం విశాలికి మనసు బాగోలేదు. యాప్ మళ్లీ వేసుకుంది. ‘మీ అమ్మగారు వచ్చారు. సారీ లలితా’ అని రాసి, కౌంటర్ దగ్గర తన ఫొటో తీసి పంపింది.

మూడు రోజులైనా లలిత దాన్ని తెరవలేదు.

నాలుగో రోజు విశాలి ఎలాగో అనూరాధ నంబరు సంపాదించి ఫోన్ చేసింది. అనూరాధా వాళ్ల క్లాసే. ఇప్పటికీ పొందూరులోనే ఉంటోంది.

“లలిత నంబరుందా?”

“ఏ లలితే?”

“మన శ్రీలలితే. దాని వెనక బెంచీలో కూర్చునేదానివి కదా!”



“అది పోయి మూడేళ్లయిపోనాది గదే. డెంగ్యూ జొరం. నీకు తెల్దా?”

“మొన్నమొన్నటి దాకా ఫొటోలు పంపిందే!”

“వాళ్లమ్మే పంపీది. ఆస్పత్రి మంచం మీద పడుకునే నేర్పిందట, అమ్మా, రోజూ ఒకటి పంపు, మంట ఆరిపోద్దని.”

విశాలి కుర్చీలో కూర్చుంది.

“మొన్న నీ దగ్గరికొచ్చి ఎల్లాక లలిత ఫోన్లోంచి ఆ యాప్ నా సేత తీయించేసింది,” అంది అనూరాధ. “ఆ పిల్ల బాగున్నాది, ఇంక దాన్ని ఇబ్బంది పెట్టకూడదు అంది.”

“నాకు ఒక్కమాట చెప్పలేదేంటే?”

“సెప్తే నువ్వు పంపడం మానేస్తావని బయమే ఆవిడికి. లలిత బతికుంటే ఈ యేడు ఎలాగుండేదో, రోజూ నీలోనే సూసుకునీది.”