గుమ్మటం తిరగని ఏడు నిమిషాలు

కంప్యూటర్ తెర మీద ఎర్ర దీపం వెలిగింది.

ఎక్కడో ఒక నక్షత్రం కూలిపోతూ గామా కిరణాలు చిమ్మిందని ఉపగ్రహం పంపిన కబురు అది. ఆ చోట కంటికి కనబడే వెలుగు కూడా కాసేపు ఉంటుంది. ఒక్కోసారి నాలుగు నిమిషాల్లోనే మసకబారిపోతుంది.

ఆ వెలుగును ఫొటో తీయడమే నా పని. ఐదేళ్ళుగా ఒక్కటీ చిక్కలేదు. ఈ నెలాఖరుకి చిక్కకపోతే నా పని మూసేస్తానని డైరెక్టర్ చెప్పేశాడు.

ఆ రాత్రి టెలిస్కోప్ వంతు మా వదినది. ఎర్ర దీపం వెలిగితే ఎవరి వంతైనా వదులుకోవాల్సిందే. కాకపోతే నోరు తెరిచి అడగాలి.

మా ఇద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు.

"సున్నాకి సున్నా కలిపితే ఎంతవుతుందో ఐదేళ్ళుగా లెక్కేస్తోంది మీ చెల్లెలు" అని భోజనాల దగ్గర అన్నయ్యతో అంది వదిన, నాకు వినబడేలా. నేనూ తక్కువ తినలేదు లెండి.

అప్పట్నుంచీ ఏం కావాలన్నా ఆపరేటర్ చేతే అడిగించుకునేవాళ్ళం. టెలిస్కోప్ మీది గుమ్మటాన్ని తిప్పుతూ చూసుకోవాల్సిన మనిషి, మా కబుర్లు మోస్తూ చచ్చేవాడు.

ఆ రాత్రి దీపం వెలిగేసరికి అతను టీకి వెళ్ళి ఉన్నాడు.

మా గదుల మధ్య గాజు గోడ. అవతల వదిన తెర మీదా అదే దీపం. నా వైపు చూసింది. అడుగు, చూద్దాం అన్నట్టుంది ఆ చూపు.

నేను తలుపు వైపు చూశాను, అతను వస్తాడేమోనని.

ఏడు నిమిషాలు చూశాను.

అతను వచ్చాడు, వదిన గదిలోకి ఉరికాడు, గుమ్మటం తిరిగింది. ఫొటోలో ఆ చోట ఏమీ లేదు.

పొద్దున డైరెక్టర్ ముగ్గుర్నీ పిలిచి, ఇంకెవరో తీసిన ఫొటో బల్ల మీద పడేశాడు. మూడో నిమిషంలో తెల్లటి చుక్క.

"ఏడు నిమిషాలు ఏం చేస్తున్నారు?"

"గుమ్మటం ఇరుక్కుంది సార్" అంది వదిన.

"నిజమేనా?" అని నన్నడిగాడు.

కాదంటే ఏడు నిమిషాలు ఎందుకు కూర్చున్నానో చెప్పాలి.

"అవును సార్."

"మొన్ననే గ్రీజు పెట్టాను సార్..." అన్నాడు ఆపరేటర్. ఇంకేదో అనబోయి, మా ఇద్దర్నీ చూసి ఆగిపోయాడు.

"ఉప్పూ నిప్పూ లాంటి వీళ్ళిద్దరూ ఒకటే చెబుతుంటే అబద్ధమెలా అవుతుందయ్యా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "గుమ్మటం చెడితే మీరేం చేస్తారమ్మా. ఇంకో ఏడాది వెతకండి."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు పెగల్లేదు. వదినకీ పెగల్లేదు.

ఆపరేటర్ సంచీ సర్దుకున్నాడు. నా గదిలోకి వచ్చి, "వెళ్ళొస్తాను మేడమ్" అన్నాడు.

తర్వాత అవతలి గదిలోకి వెళ్ళి, వదినకి కూడా విడిగా చెప్పాడు.