ఎర్రగుడ్డ కట్టిన పావురం

"ఇన్ని పడవలుండగా నీకు నా పడవే దొరికిందా తాతా?"

విసుక్కున్నాడు సరంగు. లంగరు ఎత్తబోతే చాలు, రేవు గోడ దగ్గర పావురాల్ని పెంచే గడ్డం ముసలాడు గూడు పట్టుకుని తయారు. ఏ ఊరివాడో, ఎవరికి తెలుసు!

"ఒక్క పిట్టని తీసుకెళ్ళు నాయనా. ఆపదొస్తే కాలికి ఈ ఎర్రగుడ్డ కట్టి వదులు. మీరు వల వేసే చోటు నాకు తెలుసు. మనుషుల్ని పంపిస్తాను."

"రేడియో ఉందిగా!"

"అది మూగబోతే? మబ్బు పట్టిందంటే మనిషికి తూర్పేదో పడమరేదో తెలీదు. దీనికి తెలుస్తుంది. భూమంతా ఒక పెద్ద అయస్కాంతం. ఆ లాగుడు దీని ఒంటికి అందుతుంది."

"దేవుడు గుప్పెడు పిట్టకి అంత తెలివి పెట్టి, మనకెందుకు పెట్టలేదో!" పడవలోంచి సరంగు తమ్ముడు నవ్వాడు.

ముసలాడు నవ్వలేదు.

"నేనూ అదే అడుగుతుంటాను ఆయన్ని. ఒక్క మాట బాబూ, మీ పాటల పెట్టెకి దూరంగా ఉంచండి. స్పీకర్ వెనకా అయస్కాంతం ఉంటుంది. పిట్టకి దారి చెడుతుంది."

పీడ వదిలితే చాలని సరంగు గూడు అందుకున్నాడు.

పడవంతా తడి. పొడిగా ఉన్నది స్పీకర్ పైన ఒక్కచోటే. గూడు అక్కడే కట్టేశాడు.

"తాత వద్దన్నాడు కదన్నా!"

"తాత మాట వింటూ కూచుంటే వల ఎవడు లాగుతాడు? పాటలు వింటుందిలే, పాపం."

నడిసముద్రంలో మబ్బు కమ్మింది. పెద్ద అల ఒకటి ఇంజన్నీ రేడియోనీ ముంచేసింది. తెగిన ఇనుప తాడు తమ్ముడి తొడని చీల్చింది. ఎంత బిగించి కట్టినా నెత్తురు ఆగలేదు.

సరంగు మొక్కని దేవుడు లేడు. ఎర్రగుడ్డ కట్టి పావురాన్ని వదిలాడు.

అది పడవ చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఎటో తేల్చుకోలేనట్టు తిరిగి తిరిగి, ఒడ్డుకి దూరంగా, నడిసముద్రం మీదికే వెళ్ళిపోయింది.

"ఒడ్డువైపే పోతోంది కదన్నా?"

"ఒడ్డువైపేరా."

దారినపోయే ఓడ ఒకటి వాళ్ళని చూసేసరికే తమ్ముడి ప్రాణం పోయింది.

రేవులో ముసలాడు వానకి తడిసి ముద్దై, ఆకాశం కేసి చూస్తూ కూచునున్నాడు. సరంగు అతని చొక్కా పట్టుకున్నాడు.

"నీ పిట్టని నమ్ముకుని నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను!"

"పాటల పెట్టె దగ్గర పెట్టావా నాయనా?"

చుట్టూ జనం. అందరి చూపులూ సరంగు మీదే.

"లేదు" అన్నాడు.

ముసలాడి మొహంలో దీపం ఆరిపోయింది.

"అయితే వీటికీ తెలీదన్నమాట" అని గొణుక్కున్నాడు. గూళ్ళన్నీ తెరిచి పావురాల్ని తోలేశాడు.

మర్నాడు రేవు మెట్ల దగ్గర అతని శవం తేలింది.

భర్త పోయాక రేవు మొహం చూడని సరంగు తల్లి, తన కొడుకుల కోసం వానలో తడిసిన మనిషని విని వచ్చింది. శవం మొహం మీది జుట్టు పక్కకి తీసి, అక్కడే కూలబడిపోయింది.

"ఎవరమ్మా?"

"మీ నాన్న పడవ మునిగిన రోజు సాయం తెస్తానని ఈదాడు. మబ్బులో దిక్కు తెలీక, అంతా అయిపోయాక ఒడ్డు చేరాడు. తోడబుట్టినవాణ్ణి చంపుకున్నావు, నా గడప తొక్కకని నేనే తరిమేశాను" అంది తల్లి. "మీ బాబాయిరా."