కమలాదేవి పెరట్లో బంతిపూలు

"ఒక్క గంపెడు పూలిస్తే ఏమైతది ఆంటీ? సాయంత్రం క్యాంపస్‌ల బతుకమ్మ ఉన్నది," అని పద్మశ్రీ ఈ ఏడు కూడా అడిగింది.

"కోయనివ్వనని నిరుడే చెప్పాను కదమ్మా," అంది ఇంటి ఓనరు కమలాదేవి.

తార్నాకలోని ఆ ఇంటి కింది గదిలో అద్దెకుంటూ పద్మశ్రీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. వానలు తగ్గేసరికి పెరడంతా బంతి, చామంతి విరగబూసింది. కళ్ళెదుట అన్ని పూలుండగా మార్కెట్‌కు పరుగెత్తాల్సి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "బతుకమ్మంటే ఈమెకేం తెలుస్తది!" అని గొణుక్కుంటూ గేటు ధడాలున వేసి వెళ్ళింది.

మధ్యాహ్నం సగం వాడిన పూల సంచితో తిరిగొచ్చి చూస్తే పెరట్లో ఒక్క పువ్వూ లేదు. ఇక ఉండబట్టలేక గబగబా మేడెక్కి తలుపు కొట్టింది.

"నాకియ్యరు గానీ, మొత్తం తెంపి ఎవరికిచ్చిన్రు ఆంటీ?"

కమలాదేవి తలుపు పూర్తిగా తెరిచింది. ఆమె పట్టుచీర నిండా పసుపు రేకులు అంటుకుని ఉన్నాయి. వెనక హాల్లో, ఇత్తడి పళ్ళెంలో, ఓ పక్కకు ఒరిగిపోయిన పెద్ద బతుకమ్మ ఉంది.

"గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఏటా మీరంతా వెళ్తుంటే బాల్కనీలోంచి చూడటమే," అంది ఆమె. "ఆ గదిలో దిగిన ప్రతి అమ్మాయీ పూలిమ్మని అడిగింది. ఒక్కరైనా నన్ను రమ్మన్నారా?"