పేరు చరణం

పాట కట్టేవాడికి గొంతు ఎందుకు అని ఎవరో ఒకరు అంటూనే వచ్చారు, ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి, ఇంకొక్క మధ్యాహ్నం గడవదా అనుకుంటూ గంగులప్ప మదనపల్లెలో బస్సు దిగాడు. పుంగనూరులో ఎక్కినప్పటి నుంచీ అదే ఆలోచన. రికార్డింగ్ గదికి మెట్లు ఎక్కుతున్నప్పుడూ అదే. ఒక మాటను అన్నిసార్లు చెప్పుకోవలసి వస్తోందంటే మనసు దాన్ని నమ్మడం లేదనే అర్థం. అది కూడా అతనికి తెలుసు.

అతని గొంతు సంగతి పుంగనూరు చుట్టుపక్కల భజన బృందాలన్నిటికీ తెలుసు. కొత్త పాట రాసిన నోటుబుక్కు పట్టుకుని వెళ్ళేవాడు. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేవి. వరస వినిపించబోతే మాత్రం చెక్కలు పట్టుకున్నవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకునేవాళ్ళు. ఇంట్లో అంత బాగా వినిపించిన పాట అక్కడికి వెళ్ళేసరికి అతని గొంతులో చితికిపోయేది. వాళ్ళే దాన్ని నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, సరిచేసుకుని పాడుకునేవాళ్ళు. పాడాక ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

అతని భార్య పాపక్క పోయి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క పాట రాలేదు. పెండ్లాం పోయిన దిగులు అన్నారు జనం. అతను కాదనలేదు. పొద్దున ఒక్కడికే సంగటి కెలుక్కుంటాడు, ఎప్పుడూ ఎక్కువవుతుంది. మధ్యాహ్నం నోటుబుక్కు తెరిచి ఏదో ఒక పాట అనబోతాడు. రెండో పాదానికే వరస తప్పుతుంది. తప్పుతున్నావని చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు.

గదిలో పురుషోత్తం ఎదురొచ్చాడు. కుప్పం మనిషి, మంచి గొంతు. ఈసారి తమ ఊరి జాతరలో గంగులప్ప పాత పాట ఒకటి మైకుల్లో మోగాలని అతని పట్టుదల. యంత్రాల ముందు కూర్చున్న నందినిది ఆ గది.

"రాన్నా, నీకోసమే కాసుకోనుండాము," అన్నాడు పురుషోత్తం. "పాటంతా అయిపోయింది. పేరు చరణం ఒకటే మిగిలుండాది."

గంగులప్ప కుర్చీ అంచున కూర్చున్నాడు. "పేరు చరణం వద్దని చెప్తినే."

"పేరు చరణం అంటే ఏందప్పా?" అంది నందిని.

"భజన పాటకు ఆఖరి చరణంలో కట్టినోళ్ళు వాళ్ళ పేరు, ఊరు కలుపుతారమ్మా," అన్నాడు పురుషోత్తం. "ఎవురి పాటో విన్నోళ్ళకు తెలియాల గదా. ఈయనవి నలభై పాటలుండాయి. ఒక్కదాంట్లో పేరు లేదు. అంత పెద్దమనిషి."

"అంత మొహమాటం యాలప్పా?" అంది నందిని గంగులప్పతో.

గంగులప్ప నవ్వబోయి మానుకున్నాడు. ప్రతి పాటకూ పేరు చరణం ఉండేది. నోటుబుక్కులోకి ఎక్కించేటప్పుడే దాన్ని వదిలేసేవాడు. మొదటిసారి దాన్ని బృందానికి ఎందుకు వినిపించలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. ఆ రోజు బృందమంతా లేచి వచ్చి భుజం తట్టింది. ఆ చేతుల బరువు బాగుండింది. ఇంకేమీ అనాలనిపించలేదు. రెండోసారికి అలవాటయింది. మూడోసారికి జనం దానికి వినయం అని పేరు పెట్టారు.

ఇంటికి రాగానే పాపక్క పొయ్యి దగ్గర నుంచే అడిగేది. "ఆఖరి చరణం పాడినారా?"

"టైము చాల్లేదు," అనేవాడు.

కొన్నేళ్ళకు అడగడం మానేసింది. అయినా ఆ తరువాత వచ్చిన ఏ పాటా పేరు చరణం లేకుండా రాలేదు.

"ఈసారి నీ మాట వినేది లేదన్నా." పురుషోత్తం జేబులోంచి కాగితం తీశాడు. "నేనే రెండు లైన్లు అతికించినా. పుంగనూరు గంగులప్ప కట్టిన పాట అని వస్తాది. పాడిన పాట అని పెట్టలేదులే, ఎవురూ నమ్మరు."

నందిని నవ్వింది. గంగులప్ప ఆ కాగితం వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆ చోటు ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉన్నదాన్ని ఎప్పుడైనా నింపుకోవచ్చు. ఈ రెండు పాదాలు జాతర మైకుల్లో పడి, సెల్‌ఫోన్లలో తిరగడం మొదలయ్యాక ఇంక చేయగలిగింది ఉండదు.

"అది వద్దు పురుషోత్తం. దీనికి చరణం ఉండాది."

"యాడుండాది? నోటుబుక్కంతా సూస్తినే."

"రాసుకోలేదు. గుర్తుండాది."

"ఇంత సేపూ దాసిపెట్టుకోనుండావే. చెప్పు మరి, పాడేస్తా."

రెండు పాదాలే. చెప్పేస్తే అయిపోతుంది. పురుషోత్తం గొంతులో అవి బాగుంటాయి కూడా. బాగుంటాయన్నదే గంగులప్పను ఆపింది. ముప్పై ఏళ్ళుగా తను చేసింది ఇంకొకరి గొంతు వెనక నిలబడటమే.

"నేను పాడతా."

పురుషోత్తం నందిని వైపు చూశాడు. "కోపం చేసుకోవాకన్నా. నీ గొంతు మైకులో వేస్తే జాతరకొచ్చిన ఎద్దులు బెదిరిపోతాయి."

"పోనీలే."

"కట్టేది నీ పని, పాడేది నా పని. నీకు గొంతు యాలన్నా?"

"ఈ రెండు లైన్లకూ కావల్ల."

"పాడనీప్పా," అంది నందిని. "బాగలేకుంటే తీసేస్తాం."

"తీయొద్దమ్మా," అన్నాడు గంగులప్ప. ఆమె హెడ్‌ఫోన్లు తీసుకుని లేచింది.

అద్దాల గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. నందిని అతని చెవులకు హెడ్‌ఫోన్లు సర్ది, తలుపు మూసి బయటకు వెళ్ళింది. చెక్కల చప్పుడు, మద్దెల మొదలయ్యాయి. అంత చప్పుడులోనూ అతను ఒక్కడే ఉన్నట్టుంది. మొదటి పాదంలోనే గొంతు పగిలింది. ఆపలేదు. అద్దం అవతల పురుషోత్తం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గంగులప్ప కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

పుంగనూరు పాపక్క కట్టిన పాట అని పాడాడు.