ఒక్కరోజు సరుకు

“ఆ బాడిస కొనకు బాబూ.”

తెడ్ల మేస్త్రి తలెత్తాడు. ఎదురుగా బక్కపలచని ముసలాయన.

పొద్దుటి నుంచీ మేస్త్రి ఆ పనిముట్ల షాపులోనే ఉన్నాడు. కయాక్ పడవలకు పన్నెండు తెడ్లు చెక్కాలి. కాడ నున్నగా చేయడానికి చిత్రిక ఏరుకున్నాడు. తెడ్డు రెక్క తొలవడానికి వంపు ఉలి తీసుకున్నాడు. మొద్దును తెడ్డు ఆకారానికి తెచ్చే బాడిస ఒక్కటే మిగిలింది. దాని మీద ఏ కమ్మరి ముద్ర ఉందో చూశాక ఇంకేమీ చూడలేదు.

ఇరవై ఏళ్లుగా ఆ కమ్మరి పనిముట్లే అతనికి అన్నం పెడుతున్నాయి. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

“ఎందుకు కొనకూడదు?”

“ఉక్కు కాలిపోయింది. గట్టి దెబ్బ పడితే అంచు విరిగి కాల్లో దిగుతుంది.”

“ఈ కమ్మరి చేతిలో ఉక్కు కాలిందా? కళ్లు కనబడుతున్నాయా పెద్దాయనా?”

“ఈసారి కాల్చాడు.”

మేస్త్రికి ఒళ్లు మండింది.

“ఎవడు పంపాడు నిన్ను, సరుకు పేరు చెడగొట్టమని?”

ముసలాయన బాడిస పట్టుకుని లాగాడు.

మేస్త్రి చెయ్యి అతని చెంప మీద ఛెళ్లుమంది.

పెదవి చిట్లింది. అయినా పిడి వదల్లేదు.

“వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల. బాడిసలన్నీ తనకిచ్చెయ్యాలట,” అన్నాడు షాపతను, కౌంటర్ వెనక నుంచి కదలకుండా. “పిచ్చోడనుకున్నా. దొంగలా ఉన్నాడు.”

ఆ మాట చాలింది. సరుకు కొనడానికొచ్చిన ఎవడో వెనక నుంచి ముసలాయన మెడ వంచాడు. మేస్త్రి డొక్కలో రెండు గుద్దులు గుద్దాడు.

“విను నాయనా, దాన్ని నేనే...”

మేస్త్రి మోచెయ్యి మూతి మీద పడింది. మాటతో పాటు పన్ను ఊడింది.

మేస్త్రి బాడిస లాక్కుని, ఉన్న బలమంతా కూడదీసుకుని ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. అమ్మకానికి పెట్టిన ఇనప దాగలి దిమ్మెకు తల కొట్టుకుంది.

కాళ్లు రెండుసార్లు తన్నుకున్నాయి. తర్వాత ఆగిపోయాయి.

మెడ వంచినవాడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. ముసలాయన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది మేస్త్రే. వీపంతా వెచ్చగా తడిసింది.

డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

పోలీసుల కోసం మేస్త్రి వరండాలో కూర్చున్నాడు. ఎవరో గుర్తుపట్టి కబురు చేస్తే, వాళ్ల కన్నా ముందు ముసలాయన కూతురు వచ్చింది. లోపలికెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చింది.

“మా నాన్నను మోసుకొచ్చింది మీరేనట కదా అన్నా.”

మేస్త్రి పక్కకు జరిగి చోటిచ్చాడు.

“మేం వద్దంటే విన్లేదు,” అంది ఆమె, అతని పక్కన కూలబడుతూ. “పది రోజులుగా షాపులన్నీ తిరుగుతున్నాడు. కొలిమి దగ్గర కునుకు పట్టి ఒక్కరోజు సరుకు పాడైందట. అది ఎవరి కాలు తీస్తుందోనని, తను చేసిన బాడిసలన్నీ తనే వెనక్కి తెచ్చుకుంటున్నాడు.”